పోటు చూసుకుని బయల్దేరండి: కాకినాడ తీరంలో ఉల్లంకులతో ఒక రోజు

పక్షులు చూడాలంటే చలికాలమే అనుకుంటాం. సంక్రాంతి సెలవులకి కొల్లేరో పులికాటో వెళ్లి, గూడబాతుల్నీ రాజహంసల్నీ చూసి వస్తాం. సముద్రపు ఒడ్డు పక్షులకి మాత్రం నా లెక్కలో అసలు రోజులు ఆగస్టు చివరి వారం నుంచి సెప్టెంబరు మధ్య దాకా. మనకి అప్పుడు వినాయక చవితి హడావిడి, ఉక్కపోత, ఉన్నట్టుండి కురిసే జల్లు. సైబీరియాలో అదే వేసవి ముగిసే వేళ. జూన్, జూలైల్లో అక్కడ గుడ్లు పెట్టి పిల్లల్ని లేపిన ఉల్లంకులు (సాండ్‌పైపర్ల కుటుంబపు ఒడ్డు పక్షులు) అప్పుడే మన ఒడ్డున దిగుతుంటాయి.

ఆ రోజులే ఎందుకంటే, ముందు వచ్చే తల్లీతండ్రీ పక్షులు పెళ్లి బట్టలు పూర్తిగా విప్పకుండానే ప్రయాణం కట్టినట్టు ఉంటాయి. పొట్ట మీద ఇటుక రంగు మచ్చలు, వీపు మీద నల్ల చుక్కలు ఇంకా మిగిలే ఉంటాయి. డిసెంబరు వచ్చేసరికి అన్నీ ఒకటే బూడిద రంగులోకి మారిపోతాయి. కొత్తవాళ్లకి పట్టపగలే చుక్కలు కనిపించేది అప్పుడే. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లని సంక్రాంతికి రమ్మనను, చవితికి రమ్మంటాను.

ఇక్కడ చెప్పేది కాకినాడ గురించి. ఊరికి ఆనుకునే సముద్రం, సముద్రానికి అడ్డంగా హోప్ ఐలాండ్. గోదావరి తెచ్చిపోసిన ఇసుకతో గత రెండు వందల ఏళ్లలో పేరుకున్న దిబ్బ అది, పొడవు 16 కిలోమీటర్ల పైమాటే. దాని చాటున పెద్ద అలలుండవు. అలలు లేవు గనకే మెత్తటి బురద నిలుస్తుంది. బురద ఉంది గనకే పురుగులు, పీతలు, నత్తలు. వాటి కోసం పక్షులు. దక్షిణాన కోరింగ మడ అడవి, 235 చదరపు కిలోమీటర్లు, 1978 నుంచి అభయారణ్యం.

మొదటి పని: ఊరి చెరువు దగ్గర ఒక వారం

కాకినాడ రైలెక్కే ముందు మీ ఊళ్లోనే కాస్త చెయ్యి తిరగనివ్వండి. హైదరాబాద్ వాళ్లకి సముద్రం లేకపోయినా అమీన్‌పూర్ చెరువుంది, ఉస్మాన్‌సాగర్ అంచులున్నాయి. సంగారెడ్డి వైపు వాళ్లకి మంజీర ఉంది. ఆగస్టు దాటాక చెరువు గట్టు మీద, నీటి అంచున ఒంటరిగా తిరుగుతూ వెనక భాగాన్ని ఊరికే పైకీ కిందకీ ఊపే చిన్న పిట్ట కనిపిస్తుంది. అదే కామన్ సాండ్‌పైపర్. రెక్క ముడిచే చోట, భుజం దగ్గర, తెల్లటి పాయ ఒకటి పైకి పొడుచుకొచ్చి ఉంటుంది. దాన్ని ఒక అరగంట చూడండి. ఎంత పొడవు ముక్కు, తలతో పోలిస్తే ఎంత, కాళ్లు ఏ రంగు, ఎగిరితే రెక్క మీద గీత ఉందా? ఈ నాలుగు ప్రశ్నలకీ జవాబు చెప్పగలిగాక వుడ్ సాండ్‌పైపర్‌ని వెతకండి. వీపు మీద చిన్న చిన్న తెల్ల చుక్కలు, కంటి పైన తెల్లటి కనుబొమ గీత, పసుపు కాళ్లు.

ఈ రెండూ బాగా తెలిస్తే బురద ఒడ్డున మిగతావాటిని వీటితో పోల్చుకోవచ్చు. ఏదీ తెలియకుండా వెళ్తే అక్కడ వందల పక్షులు చూసి, అన్నీ ఒకలాగే ఉన్నాయని నీరసపడి తిరిగొస్తారు. నా మొదటిసారి అలాగే అయింది.

రెండో పని: పంచాంగం తెరవండి

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఖాళీ దొరికిన ఆదివారం చూసుకుని బయల్దేరతారు. ఒడ్డు పక్షులకి ఆదివారం లేదు, పోటు ఉంది.

నీళ్లు పూర్తిగా లాగేసి ఉన్నప్పుడు బురద మేట కిలోమీటర్ల దూరం బయటపడుతుంది. పక్షులన్నీ ఆ చివరి అంచున, కంటికి ఆవగింజల్లా ఉంటాయి. నీళ్లు ఎక్కేకొద్దీ అంచు ఒడ్డు వైపు జరుగుతుంది, దానితోపాటే పక్షులూ జరుగుతాయి. మీరు చేయాల్సిందల్లా ముందే వచ్చి నిలబడటం. మనం వాటి దగ్గరికి వెళ్లకూడదు, నీళ్లే వాటిని మన దగ్గరికి తోలుకొస్తాయి.

రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. అమావాస్యకీ పున్నమికీ పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా లాగుతుంది. అష్టమి దగ్గర రెండూ నీరసం, మేట సగం కూడా మునగదు. మరి అమావాస్య నాడే వెళ్తే సరిపోదా? సరిపోదు. కాకినాడ ఒడ్డు తూర్పు ముఖం. పొద్దున సముద్రం వైపు చూస్తే సూర్యుడు సరిగ్గా కళ్లలో ఉంటాడు, పక్షులన్నీ నల్లటి బొమ్మల్లా కనిపిస్తాయి. అమావాస్య నాటి పెద్ద పోటు పొద్దున పూటే పడుతుంది. అయితే పోటు సమయం రోజుకి సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. కాబట్టి అమావాస్యో పున్నమో దాటిన నాలుగైదు రోజులకి అది మధ్యాహ్నం ప్రాంతానికి చేరుతుంది. నీళ్ల బలం ఇంకా పూర్తిగా తగ్గి ఉండదు, ఎండ నడినెత్తికి వస్తుంది, నీళ్లు దిగే సమయానికి సూర్యుడు మీ వెనక ఉంటాడు. ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

భాద్రపదంలో అమావాస్య దాటిన నాలుగో రోజు ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. చవితి నాడు పూజ చేసుకోండి, ఉండ్రాళ్లు తినండి, పంచమి నాడు బురదకి వెళ్లండి. చవితి చంద్రుణ్ణి చూడకూడదంటారు గానీ ఆయన లాగే నీళ్లని చూస్తే నీలాపనిందలేం రావు.

తిథి చూసి రోజు ఖాయం చేసుకున్నాక గంట కోసం మాత్రం పంచాంగం మీద ఆధారపడకండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు సమాచారం ఇస్తుంది, సర్వే ఆఫ్ ఇండియా ఆటుపోట్ల పట్టికలు వేస్తుంది, ఫోన్లో టైడ్ యాప్‌లు బోలెడు. రెండు చోట్ల చూసి, ఆ రోజు పోటు నిండే గంటని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి. ఈ రాతలో పోటు పన్నెండున్నరకి అనుకుందాం. మీ రోజు పోటుని బట్టి మిగతా గంటల్ని ముందుకో వెనక్కో జరుపుకోండి.

సంచిలో ఏముండాలి

8×42 బైనాక్యులర్స్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం 42 మి.మీ.) చాలు. 10×50 కొంటే చెయ్యి వణుకుతుంది, బరువుకి మెడ లాగుతుంది. స్పాటింగ్ స్కోపు (స్టాండు మీద పెట్టి చూసే దుర్భిణి) ఉన్న స్నేహితుడు దొరికితే అతనికి టిఫిన్ మీరే పెట్టించండి, రోజంతా వసూలవుతుంది. అయిదారుగురికి ఒక్క స్కోపు సరిపోతుంది.

లేసులున్న పాత కాన్వాస్ బూట్లు. చెప్పులు వద్దే వద్దు. అంచు వెడల్పుగా ఉన్న టోపీ, పొడుగు చేతుల చొక్కా, అదీ మట్టి రంగుదో ఆకు రంగుదో. తెల్ల చొక్కా వేసుకొచ్చినవాళ్లు ఫొటోల్లో బాగుంటారు గానీ పక్షులకి అర మైలు నుంచే కనిపిస్తారు. గొడుగు పనికిరాదు, తెరవగానే గుంపు మొత్తం లేస్తుంది. రెయిన్‌కోటు పెట్టుకోండి. రెండు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు. సాయంత్రం దాకా చెడదు గనక పులిహోర. ఫోన్‌కి జిప్‌లాక్ కవరు. చిన్న నోటుబుక్కు, పెన్సిలు. పెన్ను వద్దు, తడిస్తే అక్షరాలు పారిపోతాయి.

తెల్లవారి: రామదాసులతో మొదలు

హైదరాబాద్ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వస్తే పొద్దున్నే దిగుతారు. మెయిన్ లైనులో వెళ్లే వేరే బండి అయితే సామర్లకోటలో దిగి ఆటోనో బస్సో పట్టుకోవాలి. ముందు రోజే వచ్చి రాత్రి ఊళ్లో పడుకోగలిగితే ఇంకా మేలు.

మన లెక్క ప్రకారం పొద్దున ఆరింటికి ఆటు. బురద మేట దగ్గర అప్పుడు చేసేదేం లేదు. అందుకని ముందు ఉప్పాడ రోడ్డు వైపు బీచ్‌కి, తర్వాత చేపల రేవు వైపుకి వెళ్లండి. పడవలు తిరిగొచ్చే వేళ, వలల గుంజలు నిలబెట్టి ఉన్న చోట టెర్న్‌లనే చేపలు పట్టే తెల్లటి పక్షులుంటాయి. తెలుగులో వీటిని రామదాసు అంటారు. అసలు రామదాసు నది మీద తిరిగే రివర్ టెర్న్. నారింజ పసుపు ముక్కు, రెండుగా చీలిన పొడవాటి తోక. సముద్రం మీద తిరిగే దాని చుట్టాలని కూడా ఆ పేరుతోనే పిలుద్దాం.

టెర్న్‌ని చూడగానే ముక్కు మీదకి వెళ్లిపోండి. మిగతా ఒళ్లంతా తెలుపూ బూడిదే, దానితో పెద్దగా పని లేదు.

దొండపండంత ఎర్రగా, లావుగా, దూరం నుంచే కనిపించే ముక్కు ఉంటే అది కాస్పియన్ టెర్న్. ప్రపంచంలోని టెర్న్‌లన్నిటిలో పెద్దది. నిమ్మపండు పసుపు ముక్కూ, తల వెనక చెదిరిన నల్ల జుట్టూ ఉంటే గ్రేటర్ క్రెస్టెడ్. అదే ముక్కు నారింజ రంగైతే, పిట్ట కొంచెం చిన్నదైతే, లెస్సర్ క్రెస్టెడ్. నల్లముక్కు చివర పసుపు సున్నం అద్దినట్టుంటే శాండ్‌విచ్ టెర్న్. అన్నిటిలోకీ బుజ్జిది లిటిల్ టెర్న్, గోరింకకంటే పెద్దదేం కాదు.

ఎలా వేటాడుతుందో కూడా చూడండి, ముక్కు కనపడనప్పుడు అదే పట్టిస్తుంది. లిటిల్ టెర్న్ గాల్లో ఒక్కచోటే రెక్కలు టపటపలాడిస్తూ నిలబడి, రాయి విసిరినట్టు నీళ్లలో పడుతుంది. విస్కర్డ్ టెర్న్ అలా దూకదు. నీటి మీద తేలికగా వంగి, ముక్కుతో ఏరుకుని లేస్తుంది. గల్-బిల్డ్ టెర్న్ పద్ధతి మరీ వేరు. దాని ముక్కు పొట్టిగా, లావుగా, నల్లగా ఉంటుంది. నీళ్లకంటే బురద మీదే దానికి మక్కువ. ఒకసారి నేను కూర్చున్న చోటికి ఇరవై అడుగుల దూరంలో ఒకటి బురద మీదుగా మెల్లగా వచ్చింది. కిందకి చూస్తూ, తల అటూ ఇటూ తిప్పుతూ, ఏదో పారేసుకున్నట్టు. హఠాత్తుగా వెనక్కి తిరిగి బురదని తాకీ తాకకుండా లేచింది. ముక్కులో చిన్న పీత, కాళ్లు ఇంకా ఆడిస్తోంది. రెండుసార్లు గాల్లోనే పట్టు మార్చుకుని మింగేసింది. కాళ్లకి బురద కూడా అంటలేదు.

ఏడున్నరకల్లా ఇది ముగించండి. పెసరట్టు ఉప్మా తినండి. మళ్లీ మూడింటి దాకా కడుపుకి పులిహోరే ఆధారం.

తొమ్మిదింటికి బురద ఒడ్డున

ఆటో అతనికి కుంభాభిషేకం రేవు అని చెప్పండి. కాకినాడలో ఒడ్డు పక్షులు చూసేవాళ్లంతా చేరేది అక్కడికే. చేపల వాసన, వలలు, ఎండబెట్టిన చేపలు, కుక్కలు, పిల్లలు. ఇది పార్కు కాదు, జాలర్లు పని చేసుకునే చోటు. ముందు ఎవరైనా పెద్దాయన కనిపిస్తే పలకరించండి. పక్షులు చూడటానికి వచ్చామని చెప్పండి. వాళ్లకి వింతగా అనిపిస్తుంది, నవ్వుతారు, తర్వాత ఏ గుంపు ఎక్కడ వాలుతోందో వాళ్లే చూపిస్తారు. అడగకుండా మనుషుల మీదకి కెమెరా తిప్పకండి.

తర్వాత గట్టి నేల మీద, వీలైతే పడవ చాటునో గుంజల చాటునో, ఒక చోటు చూసుకుని కూర్చోండి. కూర్చున్నాక కదలకండి.

బురదలోకి దిగకండి అని ఎంతమందికి చెప్పినా ఎవరో ఒకరు దిగుతారు. నేనూ దిగాను. దూరంగా కనిపించిన పెద్ద ఉల్లంకిని ఇంకొంచెం దగ్గరగా చూద్దామని నాలుగడుగులు వేశాను. అయిదో అడుగుకి కాలు మోకాలి దాకా దిగిపోయింది. లాగితే కాలు వచ్చింది గానీ చెప్పు రాలేదు. వల బాగు చేసుకుంటున్న ఒకాయన అరిచాడు: "అటెల్లకండి బాబూ, ఊబి! ఉన్నచోటే ఉండండి." చెక్క పలక ఒకటి తెచ్చి బురద మీద వేసి, చెయ్యి అందించి లాగాడు. పక్షి సంగతా? నేను దిగిన మొదటి అడుగుకే వెళ్లిపోయింది. ఊబితోపాటు కింద గుల్లలుంటాయి, పాదం కోసుకుపోతుంది. పైగా మీరు లోపల ఉండగా నీళ్లు వెనక నుంచి కాలువల్లోకి ముందు ఎక్కుతాయి. అందుకే గట్టి నేల వదలకండి.

గుంపులోంచి ఒక్కో పేరు విడదీయడం

నీళ్లు దగ్గరికొచ్చేకొద్దీ ముందు వందల చుక్కలు, తర్వాత వందల పిట్టలు. కంగారు పడకండి. పేర్ల జోలికి వెళ్లకుండా ముందు నడక చూడండి. రెండే రకాలు.

కొన్ని పరిగెడతాయి, ఠక్కున ఆగుతాయి, ఒక్కసారి పొడుస్తాయి, మళ్లీ పరిగెడతాయి. ఇవి మన పొలాల్లో కనిపించే చితవకి చుట్టాలు, ప్లోవర్లు. పెద్ద కళ్లు, పొట్టి ముక్కు, కంటితో చూసి ఏరుకుంటాయి. రెండో రకం తల వంచితే ఎత్తవు. కుట్టుమిషన్ సూదిలా బురదని గుచ్చుకుంటూ పోతాయి. ఇవి ఉల్లంకులు. ముక్కు కొసతో తడిమి వెతుక్కుంటాయి.

ప్లోవర్లలో మెడ చుట్టూ వెనక కూడా తెల్లటి పట్టీ ఉన్న చిన్నది కెంటిష్ ప్లోవర్. పట్టీ లేకుండా వీపంతా ఇసుక రంగైతే శాండ్ ప్లోవర్. వీటిలో చిన్న జాతి, పెద్ద జాతి అని ఉన్నాయి. ముక్కు లావుగా, కాళ్లు పొడవుగా ఉంటే పెద్ద జాతి. చిన్న జాతిని ఈమధ్య శాస్త్రజ్ఞులు సైబీరియన్, టిబెటన్ అని రెండుగా విడగొట్టారు. ఆ తగువులోకి మొదటి రోజే దిగకండి, శాండ్ ప్లోవర్ అని రాసుకుని ముందుకెళ్లండి. పావురమంత పెద్దగా, బూడిద రంగులో, దిగులుగా నిలబడ్డది గ్రే ప్లోవర్. అది ఎగిరే దాకా ఓపిక పట్టండి. రెక్క ఎత్తగానే చంకలో నల్లటి మచ్చ కనపడుతుంది, ఇంక అనుమానం ఉండదు.

ఉల్లంకుల్లో ముందు రెడ్‌షాంక్‌ని పట్టుకోండి. ఎర్రకాళ్లు, ఎగిరితే రెక్కల వెనక అంచు పొడవునా వెడల్పాటి తెలుపు. ఇది ఒడ్డుకి కాపలాదారు. మీరు చెయ్యి కదిపితే ముందు అరిచేది, ముందు లేచేది ఇదే. దాన్ని చూసి మిగతావీ లేస్తాయి. రెడ్‌షాంక్ మేత మేస్తోందంటే మీరు సరిగ్గా కూర్చున్నట్టు. మెడ చాచి తల పైకీ కిందకీ ఆడిస్తోందంటే మీరు తేడాగా ఏదో చేస్తున్నట్టు.

రెడ్‌షాంక్‌ని కొలబద్దగా పెట్టుకుని మిగతావి చూడండి. దానికంటే కొంచెం పొడుగ్గా, ఆకుపచ్చ ఛాయ కాళ్లతో, ముక్కు కాస్త పైకి తిరిగి ఉంటే గ్రీన్‌షాంక్. ఎగిరేటప్పుడు మూడుసార్లు గట్టిగా ఈల వేస్తుంది. దానికంటే చిన్నగా, నారింజ పసుపు పొట్టి కాళ్లతో, పైకి తిరిగిన పొడుగు ముక్కుతో, తాగినవాడిలా అటూ ఇటూ పరిగెడుతుంటే టెరెక్ సాండ్‌పైపర్. దీన్ని చూడటం ఒక సరదా. పీత వెంట పడుతుంది, పట్టుకుంటుంది, ఒక్కోసారి దాన్ని నీటి అంచుకి తీసుకెళ్లి కడుక్కుని మరీ తింటుంది. పిచ్చుకంత ఉండి, నల్ల కాళ్లతో గబగబా పొడుచుకునేది లిటిల్ స్టింట్.

ముక్కు కిందకి వంగిన పెద్ద పక్షులు రెండు. తల మీద నిలువు చారలుంటే వింబ్రెల్, వరసగా ఏడు ఈలలు వేస్తుంది. చారలు లేకుండా ముక్కు అసాధ్యమైనంత పొడవుంటే యురేషియన్ కర్లూ. ముక్కు తిన్నగానో కొద్దిగా పైకో ఉండి చాలా పొడవుంటే గాడ్‌విట్. ఎగిరినప్పుడు రెక్క మీద తెల్ల పట్టీ, తోక చివర నలుపు ఉంటే బ్లాక్-టెయిల్డ్, లేకపోతే బార్-టెయిల్డ్. ఈ బార్-టెయిల్డ్ జాతిలోదే ఒక అయిదు నెలల పిల్ల 2022 అక్టోబరులో అలాస్కా నుంచి టాస్మేనియాకి 11 రోజుల్లో 13,560 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా ఎగిరింది. ఒంటికి కట్టిన ట్రాన్స్‌మిటర్ ఆ లెక్క చెప్పింది.

ఇక నేను ఆగస్టులో ప్రత్యేకంగా వెతికేది కర్లూ సాండ్‌పైపర్. ముక్కు కొసకి వచ్చేసరికి కొడవలిలా వంగుతుంది, ఎగిరితే తోక పైన తెలుపు. మిగతా నెలల్లో సాదాసీదా బూడిద పిట్ట. ఇప్పుడు మాత్రం పొట్ట మీద ఎర్రమన్ను చల్లి తడిచేత్తో తుడిచినట్టుంటుంది. ఒకదానికి మెడ దాకా ఎరుపు, పక్కదానికి రెండే మచ్చలు, మూడోదానికి ఏమీ లేదు. ఆడవి గుడ్లు పెట్టగానే మగవి బాధ్యత తీరిపోయినట్టు ముందే బయల్దేరతాయి, తర్వాత ఆడవి, చివరికి పిల్లలు. దారి చూపే పెద్దలెవరూ లేకుండానే ఆ పిల్లలు వస్తాయి. సెప్టెంబరులో ఈకల అంచులన్నీ శుభ్రంగా, పొలుసుల్లా, కొత్త బట్టల్లా కనిపిస్తే అది ఆ ఏడాది పిల్ల. ఈ జాతి సంఖ్య పడిపోతోందని 2024లో దీన్ని ముప్పు అంచున ఉన్న జాబితా నుంచి ముప్పులో ఉన్న (వల్నరబుల్) జాబితాలోకి మార్చారు.

గ్రేట్ నాట్ అనే ఇంకో పక్షి కోసం దేశమంతటి నుంచీ జనం ఇక్కడికి వస్తారు. దక్షిణ కొరియాలో, ప్రయాణం మధ్యలో ఇది ఆగి మేసే సేమాన్‌గుమ్ దగ్గర 33 కిలోమీటర్ల గోడ కట్టి 2006లో బురద మేటల్ని మూసేశాక దీని బతుకు కష్టమైంది. రెడ్‌షాంక్ అంత ఉండి, లావుగా, పొట్టి కాళ్లతో, ఛాతీ మీద మసి చుక్కలతో ఉంటుంది. కనిపిస్తే గంతులెయ్యకండి. ముందు గ్రే ప్లోవర్ కాదని రెండుసార్లు సరిచూసుకోండి. నేను ఒకసారి ఆ పొరపాటు చేసి, నలుగురికి ఫోన్లు చేశాక, పక్షి ఎగిరి నల్లటి చంక చూపించింది.

పోటు నిండాక

పన్నెండు దాటేసరికి మేటంతా మునుగుతుంది. తినడానికి చోటు లేక పక్షులన్నీ మిగిలిన దిబ్బ మీద ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడతాయి. ఒంటికాలి మీద, ముక్కు వీపు ఈకల్లో దూర్చి. లెక్క పెట్టడానికి ఇదే అదను. పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా పట్టాయో కంటితో కొలుచుకోండి. అలాంటి ముక్కలు ఎన్ని ఉన్నాయో చూడండి. చివరికొచ్చే సంఖ్య అంచనాయే, దానికి సిగ్గుపడక్కర్లేదు.

ఈ గంటలో వాటిని లేపడమంత అన్యాయం ఇంకోటి లేదు. నిద్రపోతున్న గుంపుని ఎగిరే ఫొటో కోసం చప్పట్లు కొట్టి లేపినవాళ్లని చూశాను. వేల కిలోమీటర్లు కరిగించుకొచ్చిన కొవ్వుని మళ్లీ పోగేసుకోవడానికే అవి ఇక్కడ దిగాయి. మీ ఒక్క ఫొటోకి వాటి ఒక పూట మేత ఖర్చు. డ్రోన్ అసలు బయటికి తీయకండి, పక్షులకీ మంచిది కాదు, రేవు దగ్గర మీకూ మంచిది కాదు.

కాలికి రంగు జెండాల్లాంటి చిన్న ప్లాస్టిక్ ముక్కలున్న పక్షి కనిపిస్తే మాత్రం మిగతావన్నీ వదిలేసి దాన్నే చూడండి. ఏ కాలికి, పైన ఏ రంగు, కింద ఏ రంగు, అక్షరాలుంటే ఏమిటి. ఒక్కో దేశానికి ఒక్కో రంగుల జత ఉంటుంది. ఫొటో మసగ్గా వచ్చినా సరే తీసి, ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి.

మధ్యాహ్నం ఎండ మరీ ఎక్కువైతే పది కిలోమీటర్ల దూరంలో చొల్లంగి దగ్గర కోరింగ చెక్క వంతెన మీదకి వెళ్లి మడ చెట్ల నీడలో పులిహోర తినొచ్చు. కాలువ అంచున వింబ్రెల్, బురద మీద గెంతే చేపలు, ఎర్ర డెక్క పీతలు. అయితే రెండున్నరకి తిరిగి రేవు దగ్గర ఉండాలి. హోప్ ఐలాండ్‌కి వెళ్దామని అక్కడే జాలరి పడవ మాట్లాడేసుకోకండి. అటవీశాఖ అనుమతి కనుక్కుని, దానికి వేరే రోజు పెట్టుకోండి.

సాయంత్రం: అసలు ఆట

చాలామంది పోటు నిండగానే సర్దుకుని వెళ్లిపోతారు. నేనైతే పొద్దునపూట మానేసి సాయంత్రమే రమ్మంటాను. నీళ్లు దిగడం మొదలవగానే ముందు బయటపడేది ఒడ్డుకి దగ్గరి బురద. ఆకలితో నిలబడ్డ పక్షులన్నీ ముందు వాలేది అక్కడే, మీ ఎదురుగానే. ఇప్పుడు సూర్యుడు మీ వీపు వెనక. పొద్దున నల్ల బొమ్మలుగా చూసినవాటికి ఇప్పుడు కాళ్ల రంగులు, కంటి చుట్టూ ఉంగరాలు, ఈకల అంచులు అన్నీ వస్తాయి. పొద్దున రాసుకున్న పేర్లలో మూడో నాలుగో కొట్టేసుకోవాల్సి వస్తుంది. కొట్టేసుకోండి.

మూడు నుంచి అయిదు దాకా ఫోన్ సంచిలోనే ఉంచండి. పక్షుల్ని గుర్తుపట్టే మెర్లిన్ యాప్ మంచిదే, మన దేశపు పక్షుల ప్యాక్ ముందే దించుకుంటే నెట్ లేకపోయినా పని చేస్తుంది. కానీ దూరపు ఉల్లంకి మసక ఫొటో పెడితే అది ధైర్యంగా తప్పు చెబుతుంది. ముందు మీరు నోటుబుక్కులో రాయండి. ముక్కు తలకి ఒకటింబావు, కాళ్లు నలుపు, రెక్క మీద తెల్లగీత, తోక పైన తెలుపు. ఇలా. తర్వాత యాప్‌ని అడగండి. రాత్రికి, చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో లిస్టు ఎక్కించేటప్పుడు తెలియనివాటిని శాండ్ ప్లోవర్, టెర్న్ అని గుంపు పేరుతోనే వదిలేసే వీలుంది, వాడుకోండి.

అదృష్టం బాగుంటే సాయంత్రపు నీటి అంచున ఇండియన్ స్కిమ్మర్ కనిపించొచ్చు. చంబల్ లాంటి నదుల ఇసుక దిబ్బల మీద గూడు పెట్టి, వానలకి నదులు పొంగాక తీరాలకి చేరే పక్షి. నారింజ ముక్కు, కింది దవడ పై దవడకంటే పొడవు. ఆ కింది దవడని నీళ్లలో ముంచి, కత్తెరతో గుడ్డ చీల్చుకుంటూ పోయినట్టు నీటిని గీసుకుంటూ ఎగురుతుంది. చలికాలంలో దొరికే అవకాశం ఎక్కువ, సెప్టెంబరులో కనిపిస్తే అది బోనస్.

అయిదున్నరకి రేవు కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, ఆ పూట మిమ్మల్ని పలకరించిన పెద్దాయనకి చెప్పి బయల్దేరండి. కాజాలు కొనుక్కోండి. బూట్లని మాత్రం రెండు కవర్లలో కట్టి మూతి గట్టిగా బిగించండి. ఆ బురద వాసన రెండు ఉతుకులకి గానీ వదలదు. ఒకసారి కట్టకుండా బెర్తు కింద పెట్టాను, సామర్లకోట దాటేలోపే ఎదుటి సీటు ఆవిడ "చేపలు తెచ్చారా అండీ? ఏం చేపలు?" అని అడిగింది.